ఊగే గొట్టం, కోతకు పోయిన వాక్యం

2024 ఫిబ్రవరి. యాసంగి నాట్లు అయిపోయి, మెదక్ చుట్టుపక్కల మండలాల్లో బోర్లన్నీ ఒకేసారి నడుస్తున్న రోజులు. ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ మీద లెక్కకు మించి మోటార్లు పడితే వోల్టేజీ పడిపోతుంది, మోటార్లు కాలిపోతాయి. ఏటా ఆ నెలలో ఈ వార్త ఒకటి రాయాలి. ఆ ఏడు కూడా రాయడానికి బస్టాండు వెనక సందులో ఉన్న మోయిన్ భాయ్ లేతు షాపుకు వెళ్లాను. అప్పటికి ఇరవై ఆరేళ్లుగా నేను ఒక దినపత్రికకు మెదక్ కంట్రిబ్యూటర్‌ని. కంట్రిబ్యూటర్ అంటే జీతం మీద ఉండే ఉద్యోగి కాదు, ఊళ్లో ఉండి వార్తలు పంపేవాడు. వార్త బాగుంటే పేరు పత్రికది, బాగాలేకపోతే తిట్లు మనవి.

మోయిన్ భాయ్ దగ్గర ఇనుము చెక్కే లేతు పనితో పాటు మోటారు వైండింగ్ కూడా ఉంది. షాపు ముందు కాలిన మోటార్లు వరసగా పడి ఉన్నాయి. వాటిని లెక్కపెడుతుంటే లోపలి నుంచి గడియారంలా ఒకే తీరున టకటక చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే, రెండు బారల పొడవున్న ఇత్తడి గొట్టం ఒకటి బేరింగుల మీద అడ్డంగా పడుకుని, తన చుట్టూ తాను సగం దాకా తిరిగి మళ్లీ వెనక్కి తిరుగుతోంది. అటూ ఇటూ, ఆగకుండా. లోపల నీళ్లు పారుతున్నాయి.

"ఇదేంది భాయ్, పైపుకు పూనకం వచ్చిందా?" అన్నాను.

"నా బిడ్డ పని," అన్నాడు మోయిన్ భాయ్, లేతు మీది నుంచి తల ఎత్తకుండా. "పీహెచ్‌డీ అంట. ఎంట్రుకంత తేడ రాకుండ తిప్పియ్యమంటది, తిప్పిస్త. గంతే నాకెర్క. మిగిలింది దాన్నే అడుగు."

బిడ్డ పేరు సమీనా. పట్టణానికి బయట ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెబుతూ, హైదరాబాద్‌లోని యూనివర్సిటీలో పార్ట్‌టైమ్‌గా పరిశోధన చేస్తోంది. ముప్పై ఏళ్లుంటాయి. ఆయిల్ మరకలున్న చేతులు గుడ్డతో తుడుచుకుంటూ వచ్చింది. కాలేజీలో ఇలాంటి పనికి ల్యాబ్ లేదు. కంప్యూటర్ మీద లెక్కలు కట్టి చూపిస్తే చాలని యూనివర్సిటీలోని గైడ్ మొదట చెప్పారట.

"కంప్యూటర్ల మస్తు మంది చేసిండ్రు చాచా," అంది. "నీళ్లను కూడ ఒకసారి అడగాలె కద."

ఆ మాటకే నేను నోట్‌బుక్ తీశాను. కాలిన మోటార్ల సంగతి మర్చిపోయాను.

సంగతి ఇది. గొట్టంలో నీళ్లు మెల్లగా పారితే పొరలు పొరలుగా, సాఫీగా పోతాయి. వేగం పెరిగితే కలగాపులగం అవుతాయి. దీన్ని ఇంజినీర్లు టర్బులెన్స్ అంటారు. అప్పుడు గోడకూ నీటికీ మధ్య రాపిడి బాగా పెరుగుతుంది. పంపు పెట్టే బలంలో పెద్ద భాగాన్ని ఆ రాపిడి తినేస్తుంది. గోడను కదిలించి ఆ రాపిడిని తగ్గించవచ్చా అన్నది సమీనా పరిశోధన.

"గోడ పక్కపొంటి నీళ్లల్ల సన్నం సన్నం చారలు పడ్తయి చాచా," అని గొట్టం మీద వేలితో గీసి చూపించింది. "వాటి మీద చిన్న చిన్న సుడులు పొర్లుకుంట పోతయి. నడుమ జోరుగ పోయే నీళ్లను గీ సుడులే గుంజుకొచ్చి గోడకు కొడ్తయి. గా కొట్టుడే రాపిడి."

"మరి ఊపితే ఏమైతది?"

"చార పక్కకు జరుగుతది. సుడి ఆడనే ఉంటది. రెండింటికి జోడు తప్పుతది. జోడు తప్పినంక సుడికి బలం రాదు. మెల్లగ ఊపితే సుడి కూడ చార ఎంబడే జరుగుతది, ఫాయిదా లేదు. మరీ జోరుగ ఊపితే గోడ పక్కనున్న పల్చటి పొరనే ఊగుతది, సుడి దాక పోదు. నడుమ ఊపుడుకు ఒక లయ ఉన్నది. ఏడు నెలలసంది దాని కోసమే ఎతికిన."

గొట్టం పక్కన నిలువుగా రెండు గాజు నాళాలు, వాటిలో నీలం కలిపిన నీళ్లు. అది మానోమీటర్. గొట్టం మొదట్లో నీటికి ఎంత ఒత్తిడి ఉందో, చివరికి ఎంత మిగిలిందో, ఆ తేడాను రెండు నాళాల్లోని మట్టాలు చూపిస్తాయి. తేడా ఎంత ఎక్కువుంటే రాపిడి అంత తిన్నట్టు. సమీనా ఊపుడు ఆపింది. మట్టాల మధ్య జానెడు తేడా వచ్చింది. ఊపుడు మొదలుపెట్టింది. నా కళ్ల ముందే ఆ తేడా రెండు వేళ్ల మేర తగ్గి నిలబడింది.

విలేకరికి అనుమానం అలవాటు. "ఏడన్న కారుతుందేమో చూసినవా?" అన్నాను.

ఆమెకు కోపం రాలేదు, సంతోషించింది. వాల్వు తిప్పి నీటిని బాగా మెల్లగా పారనిచ్చి, గొట్టాన్ని మళ్లీ ఊపింది. మట్టాలు కదల్లేదు. "మెల్లగ పారితే సుడులే ఉండవు. సుడులు లేని కాడ ఊపినా ఏం కాదు. కారుడో, ఇంకేదన్న మాయనో అయితే గిప్పుడు కూడ కనపడాలె కద," అంది.

నేను వెళ్లబోతుంటే ఆపింది. "చాచా, ఏది రాయకున్నా ఇదొక్కటి రాయుండ్రి. రాపిడి తగ్గుతది. కని గొట్టాన్ని ఊపే మోటరు తినే కరెంటు, మిగిలే దానికంటే ఎక్కువ. మొత్తం మీద నష్టమే. ఇది లేకుంటే నా పని మొత్తం అబద్ధమైతది."

రాసుకున్నాను. ఆమె చూస్తుండగానే దాని కింద గీత కూడా గీశాను.

ఇక్కడ మా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. మేం పంపే వార్తను డెస్క్ చూస్తుంది. డెస్క్ అంటే ఆఫీసులో కూర్చుని వార్తలు దిద్ది, హెడ్డింగ్ పెట్టి, పేజీలో సర్దేవాళ్లు. ప్రకటనలు వచ్చాక మిగిలిన చోటులో వార్త పట్టకపోతే కింది నుంచి కోస్తారు. చదివి, ఏది ముఖ్యమో తేల్చి కోసే తీరిక ఉండదు. అందుకే ముఖ్యమైనది పైన, తక్కువ ముఖ్యమైనది కింద రాయాలని మొదటి రోజే నేర్పిస్తారు. పత్రికల్లో పనిచేసే ఎవరికైనా ఇది ఊపిరంత మామూలు.

నేను సమీనా వాక్యాన్ని చిట్టచివరి పేరాలో పెట్టాను. పొరపాటున జరిగింది కాదు. మొత్తం మీద నష్టమే అని మొదటే రాస్తే ఈ వార్త ఎవరు వేస్తారు అనుకున్నాను. లేతు షాపులో ఇంత పని చేసిన పిల్ల, నా ఊరి పిల్ల, జిల్లా పేజీ మొదట్లో రావాలనుకున్నాను. వాక్యం రాశానన్న తృప్తీ దక్కింది, అది వార్తకు అడ్డం పడకుండా చూసుకున్న తెలివీ దక్కింది.

బుధవారం పేపర్ వచ్చింది. 'తిరిగే పైపుతో కరెంటు ఆదా'. దాని కింద 'మెదక్ యువతి ఆవిష్కరణ'. ఫొటో పెద్దగా వేశారు. చివరి పేరా లేదు.

పది గంటలకల్లా మోయిన్ భాయ్ షాపు ముందు బైకులు ఆగడం మొదలైందట. మధ్యాహ్నం సమీనా పేపర్ మడిచి పట్టుకుని నేను కూర్చునే జిరాక్స్ షాపుకు వచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"నేను చెప్పిన మాట రాసుకున్నరు. గీత కూడ గీసిండ్రు. అదేడ పోయింది చాచా?"

"డెస్క్ కోసింది బేటా. కిందికెల్లి కోస్తరు."

"కిందికెల్లి కోస్తరని మీకు ఎర్కనేనా?"

"ఎర్కనే."

"ఎర్క ఉండి కింద పెట్టిండ్రా?"

జిరాక్స్ మిషన్ నడుస్తూనే ఉంది. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, అసలు సంగతి చెప్పింది. వచ్చే గురువారం యూనివర్సిటీలో రివ్యూ ఉంది. పరిశోధన సరైన దారిలో ఉందా లేదా అని కమిటీ తేల్చే సమావేశం అది. బయటి నుంచి ఒక పరీక్షకుడు కూడా వస్తారు. పొద్దున్నే గైడ్ ఫోన్ చేశారట. పెట్టే కరెంటుకు మించి మిగులు వచ్చిందంటే ఆ రంగంలో ఎవరూ నమ్మరు. ఈ మాట నీది కాకపోతే అచ్చులోనే కాదని చెప్పించు, లేకపోతే కమిటీ ముందు నీ తరఫున నేను మాట్లాడలేను అన్నారట.

"నాలుగేండ్ల పని చాచా. గీ ఒక్క హెడ్డింగుల పోతది."

డెస్క్ ఇన్‌చార్జికి ఫోన్ చేశాను.

"అన్నా, స్పందన బాగుంది. ఫాలోఅప్ పంపు," అన్నాడు.

"ఫాలోఅప్ కాదు, సవరణ ఎయ్యాలె."

"ఎవరైనా కేసు వేస్తామన్నారా?"

"లేదు."

"ఖండన ఏమన్నా వచ్చిందా?"

"లేదు."

"మరి మంచి వార్తకు సవరణ ఏంటన్నా? ఎవరికి నష్టం?"

"ఆ పిల్లకు నష్టం. గురువారం లోపల రావాలె."

"చూద్దాం," అన్నాడు. డెస్క్ భాషలో చూద్దాం అంటే కాదని అర్థం.

మర్నాడు బాల్‌రెడ్డి రంగంలోకి దిగాడు. పట్టణంలో పెద్ద పైపుల షాపు ఆయనది. సమీనా పనిచేసే కాలేజీ కమిటీలో కూడా ఉన్నాడు. అప్పటికే పేపర్ కటింగుతో, సమీనా ఫొటోతో ఫ్లెక్సీ కొట్టించి షాపు ముందు కట్టాడు. మోయిన్ భాయ్ షాపుకు స్వయంగా వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"అమ్మా సమీనా, మన కాలేజికి మస్తు పేరు తెచ్చినవ్. ఆదివారం పొద్దుగాల నా షాపు ముంగట ఈ పైపు నడిపి చూపియ్యి. రైతులను పిలిచిన. రేపు గిసొంటి పైపులు మనమే తయారు చెయ్యొచ్చు."

"ఇది అమ్మే పైపు కాదు సార్. కరెంటు ఎక్కువ తింటది."

"గా ముచ్చట ఎవరడిగిండ్రు? రాపిడి తగ్గుతదా లేదా? గది చూపియ్యి, చాలు."

"ఎవరు అడగకున్నా చెప్త సార్."

బాల్‌రెడ్డి నవ్వాడు. "వచ్చే ఏడు నీకు క్లాసులు ఇచ్చుడు ముచ్చట కూడ కమిటీకే వస్తది, యాదికుంచుకో."

"కమిటీల మాట్లాడుకోండ్రి. ఆదివారం మాత్రం నేను తప్పక వస్త."

ఆయన వెళ్లాక మోయిన్ భాయ్ బీడీ ముట్టించాడు. "నౌకరీ పోతది బేటీ," అన్నాడు మెల్లగా.

"పోతే లేతు నేర్పిస్తవా అబ్బా?"

"నీకు నేర్పుడు కష్టం. ఎదురు మాట్లాడ్తవ్." బీడీ సగంలో ఆర్పేసి, గోడకున్న కరెంటు మీటరు వైపు చూశాడు. "ఏం గావాలె చెప్పు, ఆదివారానికి."

"గసొంటి మీటరు ఒకటి."

ఆదివారం పొద్దున ట్రాలీ ఆటోలో గొట్టాన్ని తెచ్చి బాల్‌రెడ్డి షాపు ముందు బిగించారు. కుల్చారం వైపు నుంచి, శివ్వంపేట వైపు నుంచి రైతులు వచ్చారు. చర్చికి పోయేవాళ్లు కూడా ఆగి చూస్తున్నారు. పంపుకూ, గొట్టాన్ని ఊపే మోటారుకూ కలిపి కరెంటంతా ఒకే మీటరు గుండా వచ్చేలా సమీనా వైరింగ్ చేసింది. మీటరు మీద చిన్న ఎర్ర లైటు. లెక్క ప్రకారం కొంత కరెంటు కాలిన ప్రతిసారీ అది ఒకసారి మెరుస్తుంది.

ఆమెకు మైకు ఇచ్చారు. వద్దంది. "గొట్టం చివర్ల డ్రమ్ము ఉన్నది. డ్రమ్ము నిండెదాక ఎర్ర లైటు ఎన్నిసార్లు కొట్టుకుంటదో మీరే లెక్కపెట్టుండ్రి. నేను లెక్కపెట్ట," అంది.

మొదటిసారి గొట్టాన్ని ఊపకుండా నీళ్లు వదిలింది. జనం బడి పిల్లల్లా గట్టిగా లెక్కపెట్టారు. డ్రమ్ము నిండేసరికి ముప్పై ఎనిమిది. డ్రమ్ము ఖాళీ చేసి, రెండోసారి గొట్టాన్ని ఊపుతూ వదిలింది. మానోమీటర్‌లో మట్టాల తేడా తగ్గింది. డ్రమ్ము ఈసారి కొద్దిగా ముందే నిండింది. చప్పట్లు కొట్టారు. బాల్‌రెడ్డి మైకు అందుకున్నాడు. "చూసిండ్రు కద, జల్ది నిండింది," అన్నాడు.

"లైటు ఎన్నిసార్లు కొట్టుకున్నది?" అని అడిగింది సమీనా.

వెనక నుంచి ఎవరో "యాభై ఏడు" అన్నారు.

"గొట్టం ఊగినందుకు రాపిడి తగ్గింది. ఊపినందుకు కరెంటు పెరిగింది. ఇది ఆదా కాదు. పేపర్ల వచ్చింది నేను చెప్పిన మాట కాదు."

జనం అటూ ఇటూ చూసుకున్నారు. కొందరు నా వైపు కూడా చూశారు. అప్పుడు కిష్టయ్య లేచాడు. కుల్చారం రైతు, అరవై దాటినవాడు, నాకు బాగా తెలిసినవాడు. "బిడ్డా, ఒక మాట. మాకు కరెంటు ఫ్రీనే గద. ఎక్కువ తింటే మాకేంది? డ్రమ్ము జల్ది నిండింది, మాకు గదే గావాలె."

గొల్లున నవ్వారు. ఎవరూ ఊహించని మాట అది. ఇన్ని లెక్కలు కట్టిన సమీనా కూడా ఊహించలేదనుకుంటాను. బాల్‌రెడ్డి మొహం వెలిగిపోయింది. "గదే కద నేను చెప్పేది. పెద్దమనిషి సక్కగ చెప్పిండు."

"తాతా, ఈ యాసంగిల నీ మోటరు కాలిందా?" అంది సమీనా.

"రెండుసార్లు కాలింది. ఇప్పుడు కూడ మీ అబ్బ కాడనే ఉన్నది."

"ఎందుకు కాలింది?"

"ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు ఎక్కువై."

"కరెంటు ఫ్రీ అని నీకు ఎర్క, నాకు ఎర్క. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎర్క లేదు కద తాతా. ఒక్కొక్క బోరు కాడ ఇంకొక మోటరు పెట్టి గొట్టాన్ని ఊపితే, మీ ఊరి మోటర్లన్ని మా అబ్బ షాపు ముంగటనే పడి ఉంటయి."

కిష్టయ్య పెద్దగా నవ్వాడు. నవ్వి కండువా దులుపుకున్నాడు. "మంచిగైతదని చెప్పెటోడు నెలకొకడు వస్తడు మా ఊరికి. పనికిరాదని తెచ్చి చూపిచ్చినదానివి నువ్వొక్కదానివే."

"పనికిరాదని కాదు," సమీనా గొంతు మొదటిసారి పెరిగింది. "రాపిడి తగ్గుతది, గది నిజం. దానికయ్యే ఖర్చు ఎక్కువ, గది కూడ నిజం. ఊర్ల చెప్తే రెండు కలిపి చెప్పుండ్రి. ఒక్కటి చెప్తే ఊకోను."

సాయంత్రానికి బాల్‌రెడ్డి షాపు ముందు ఫ్లెక్సీ లేదు.

ఇంటికొచ్చి వార్త రాశాను. మొదటి రెండు వాక్యాలు ఇలా పెట్టాను: 'మెదక్‌కు చెందిన సమీనా రూపొందించిన ఊగే గొట్టం నీటి రాపిడిని తగ్గిస్తుంది కానీ కరెంటును ఆదా చేయదు. ఆదా చేస్తుందని పోయిన బుధవారం మేము రాసింది తప్పు, ఆ మాట ఆమె అనలేదు.' మిగతాదంతా వాటి కిందే. ఎంత కోసినా ఇవి మిగలాలి.

సోమవారం రాలేదు. మంగళవారం కూడా రాలేదు. ఫోన్ చేశాను.

"డెమో వార్త బాగుందన్నా," అన్నాడు ఇన్‌చార్జి. "మేము రాసింది తప్పు అన్న ముక్క తీసేసి వేద్దాం. పత్రిక పరువు కదా."

"ఆ ముక్క తీస్తే మొత్తం తీసేయ్. వార్తతో పాటు నన్ను కూడ తీసేయ్."

"చిన్న విషయానికి ఇంత పట్టుదల ఎందుకన్నా?"

"చిన్నది నీకు. రేపటి పేపర్ల రాకుంటే ఎల్లుండి నేను ఆ పిల్లతోటి యూనివర్సిటీకి పోత. నా నోట్‌బుక్ కమిటీ ముంగట పెట్టి, ఈమె చెప్పింది ఇది, నేను కింద పెట్టిన, మా డెస్క్ కోసింది అని చెప్త. అప్పుడు పరువు ముచ్చట మాట్లాడుకుందాం."

ఇరవై ఆరేళ్లలో డెస్క్‌తో అలా మాట్లాడటం అదే మొదటిసారి. ఫోన్ పెట్టేశాక భయం వేసింది, కానీ మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

బుధవారం నాలుగో పేజీలో వచ్చింది. ఫొటో లేదు. నా బైలైన్, అంటే వార్త మీద రాసినవాడి పేరు, అదీ లేదు. కిందంతా కోసేశారు. కిష్టయ్య మాట పోయింది, డ్రమ్ము పోయింది. మొదటి రెండు వాక్యాలు మాత్రం నేను రాసినవి రాసినట్టే ఉన్నాయి.

గురువారం ఏం జరిగిందో సమీనాయే వచ్చి చెప్పింది. పరీక్షకుడి ముందు మొదటి కటింగ్ సిద్ధంగా ఉందట. ఆయన అడగకముందే ఈమె రెండో కటింగ్ దాని పక్కన పెట్టింది. ఆయన రెండూ చదివి, ఆదా లేదని తెలిశాక ఈ పని కొనసాగించడం ఎందుకని అడిగారు.

"ఏం చెప్పినవ్?" అన్నాను.

"గొట్టం మొత్తాన్ని ఒకేసారి ఊపితే ఖర్చు ఎక్కువ సార్. గోడ మీద అల లెక్క కదలిక పంపితే ఖర్చు తగ్గుతదని లెక్కలు చెప్తున్నయి. గది నిజమా కాదా కొలవాలంటే, ముందు ఇప్పటి నష్టం ఎంతో కచ్చితంగ నా చేతుల ఉండాలె. ఉన్నది. మీరు ఆపమంటే కాయితం మీద ఆపుత, షాపుల మాత్రం ఆపను అన్న."

"అట్లనే అన్నవా?"

"అట్లనే అన్న. గైడ్ సార్ తల పట్టుకున్నడు."

కమిటీ ఆపమనలేదు. పని సాగించమని రాసి సంతకాలు పెట్టింది. జూన్‌లో కాలేజీ ఆమెకు క్లాసులు ఇవ్వలేదు. సమీనా బతిమాలడానికి పోలేదు. వేరే కాలేజీలో వారానికి మూడు రోజులు చెబుతోంది, మిగిలిన రోజులు గొట్టం దగ్గరే. నాకూ ఆరు నెలలు బైలైన్ రాలేదు. అడగలేదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒక్కటే. నా వార్తలో అబద్ధం ఒక్కటీ లేదు. రాసిన ప్రతి మాటా నిజమే. అయినా అచ్చులో అబద్ధమే వచ్చింది. ఏ నిజాన్ని ఎక్కడ పెట్టాలో తెలిసి తెలిసి తప్పు చోట పెట్టినవాణ్ని నేనే. డెస్క్ తన పని తాను చేసింది. ఇప్పుడు ఎవరితో మాట్లాడినా లేచేముందు ఒకటి అడుగుతున్నాను: ఏ మాట పోతే మీరు చెప్పింది మొత్తం తప్పవుతుంది? వాళ్లు చెప్పిన ఆ మాటతోనే వార్త మొదలుపెడుతున్నాను. ఇలా రాస్తే చప్పగా ఉంటుందన్నా, ఎవరూ చదవరు అని డెస్క్ అంటూనే ఉంది. చదవకపోతే పోనీ, ఇట్లనే రాస్త అంటున్నాను.